పిండి గదిలో సీసా

బేకరీలో అందరూ అతన్ని ముల్లు అనేవాళ్ళు. ఎదురుపడితే బాబాయ్ అనో పెద్దాయనా అనో పిలిచినా, వెనక్కి తిరిగితే ముల్లే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. మంచివాడని పేరు తెచ్చుకున్నవాడి చేత అందరూ తలా ఒక పనీ చేయించుకుంటారని పల్లెటూరి బళ్ళో చదివేటప్పుడే అతనికి తెలిసొచ్చింది. ఆ బడి నేర్పిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే.

బేకరీ మామగారిది. మామగారు పోయాక బావమరిదిది. మధ్యలో ఎప్పుడూ అతనిది కాలేదు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటి అల్లుడు. ఆమె పోయాక పనివాడు. పడుకునే గది మారలేదు, తినే కంచం మారలేదు, "బావా" అన్న పిలుపూ మారలేదు. ఆ పిలుపు వెనక ఉండే మెత్తదనం మాత్రం ఆమెతో పాటే వెళ్ళిపోయింది.

అతను పనిచేసేది పిండి గదిలో. దుకాణం వెనక, ఓవెన్ గదికి పక్కన ఉంటుంది. పిండి ఎగిరిపోతుందని దాని ఒక్క కిటికీకీ ఎప్పుడో మేకులు కొట్టేశారు. చెక్క పలకల మీద బస్తాలు, గోడవారన జల్లెడ, నడుమ పిండి కలిపే యంత్రం. లోపల దీపం చుట్టూ ఎప్పుడూ మంచు పట్టినట్టే ఉంటుంది. ఆ గదిలోంచి బయటికొచ్చిన మనిషికి కనుబొమ్మలు కూడా నెరిసినట్టు కనిపిస్తాయి. నిజంగా నెరిసిన వాళ్ళకి అదో సదుపాయం.

గదిలో కుళాయి పక్కన ఒక అరుగు, దాని మీద గాజు సీసా. ఒకప్పుడు బిస్కెట్లు అమ్మిన సీసా అది. ఇప్పుడు అందులో బిళ్ళలు. తుమ్ముల బిళ్ళలు. పొద్దున టీ తాగే ముందు అందరూ అందులో చెయ్యిపెట్టి ఒకటి తీసి నోట్లో వేసుకుంటారు. పిండి గదివాళ్ళు, ఓవెన్ దగ్గరివాళ్ళు, బ్రెడ్డు బండి నడిపేవాడు, ఆఖరికి దుకాణంలోకి తెప్పించుకుని యజమాని కూడా. ఏప్రాన్ కట్టుకోవడం ఎలాగో అదీ అలాగే. వేసుకుంటే ముక్కు కారదు, కళ్ళు దురద పెట్టవు. వేసుకోకపోతే పిండి ముద్ద మీద తుమ్ముతారు. అంతే లెక్క.

ఆ సీసా పెట్టింది అతని భార్యే. బిళ్ళలు మొదట్లో రేకు పట్టీల్లోనే ఉండేవి. పిండి అంటుకున్న వేళ్ళతో రేకు చింపడం ఎవరికీ చేతయ్యేది కాదు. చింపినా ఆ ముక్కలు ఎక్కడపడితే అక్కడ పడేవి. ఒకసారి ఎవరో బ్రెడ్డు ముక్కలో రేకు ముక్క దొరికిందని దుకాణం ముందుకొచ్చి నానా యాగీ చేశారు. దాంతో ఆమె వారానికొకసారి ఇంట్లో కూచుని, శుభ్రమైన చేతులతో అన్ని పట్టీలూ చింపి, బిళ్ళలు సీసాలో పోసేది. తెల్లవి, పసుపువి, ఏ షాపులో ఏవి దొరికితే అవి. ఆమె పోయాక ఆ పని అతని మీద పడింది. అతనూ అలాగే చేస్తూ వచ్చాడు.

ఆమె పోయింది కూడా ఆ గదిలోనే. బస్తాల మీద ఒరిగి కనిపించింది. చెయ్యి గుండెల మీద ఉంది. ఎవరో గుండె అన్నారు, ఇంకెవరో అవును గుండే అన్నారు, వచ్చిన డాక్టరూ అదే రాశాడు. అంతకుముందు చాలాకాలంగా ఆమె ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తుండేవి. మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకునేది. "పిండి గదిలో అందరికీ ఉండేదేలెండి," అనేది. ఇంకో బిళ్ళ వేసుకునేది.

ఈ మధ్య అతనికీ పరిస్థితి ముదిరింది. ఒక బిళ్ళ చాలడం లేదు. జల్లెడ పట్టగానే ముక్కు దిబ్బడేస్తోంది, చేతుల మీద దద్దులు లేస్తున్నాయి. బావమరిది దగ్గరికెళ్ళి, "నన్ను కౌంటర్లోకి మార్చు," అని అడిగాడు.

కౌంటర్ అంటే దుకాణం ముందు గాజు బల్ల, దాని వెనక మెత్త ఉన్న కుర్చీ. బావమరిది అందులోనే కూచుంటాడు. పిండి గది గడప తొక్కి అతనికి ఎన్నేళ్ళయిందో.

"కుర్చీ మీద మనసు పడ్డావన్నమాట," అని నవ్వాడు బావమరిది.

"పిండి పడటం లేదు నాకు."

"పిండి పడకపోతే బేకరీవాడివెలా అయ్యావు బావా? ఇక్కడ ఎవరికీ లేని జబ్బు నీకే వచ్చిందా?"

"అందరికీ ఉంది. బిళ్ళలు మింగుతున్నారు కాబట్టి తెలియడం లేదు."

"సరే. డాక్టరు కాగితం తీసుకురా. పిండి నీకు పడదని రాసిమ్మను. అప్పుడు చూద్దాం. ఊరికే చెబితే రేపు ప్రతివాడూ వచ్చి నా ముందు తుమ్ముతాడు."

అదీ బేరం. కాగితం తెస్తే కుర్చీ, లేకపోతే జల్లెడ. ముల్లుకి కుర్చీ మీద కన్నా కాగితం మీదే ఎక్కువ మనసుంది. 'పిండి మనిషిని పాడు చేస్తుంది' అని చదువుకున్నవాళ్ళు ఒక్క మాట రాసిస్తే, దాన్ని గాజు బల్ల మీద పరిచి, గుండె గుండె అన్న ఆ నోటితోనే బావమరిది చేత చదివించాలని.

పెద్దాసుపత్రిలో పరీక్షకి తేదీ ఇచ్చారు. తుమ్ములకీ దురదలకీ మందులేవైనా వాడుతుంటే వారం ముందే మానేసి రమ్మని అక్కడామె చెప్పింది. ముల్లు తలూపాడు. అతనికి మానేయడానికి మందులేవీ లేవు.

పరీక్ష రోజు పొద్దున ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్ళలో పిండి లేకుండా పుల్లతో గీకి గీకి కడిగాడు. డాక్టరు ముందు తుమ్మితే మర్యాదగా ఉండదని సీసాలోంచి ఒకటికి రెండు బిళ్ళలు తీసి వేసుకున్నాడు. ఆసుపత్రి బల్ల మీద కూచునేసరికి కళ్ళు బరువెక్కాయి. పక్కనున్న ముసలావిడ భుజం మీద తల వాల్చి, ఆవిడ మోచేత్తో పొడిస్తే లేచాడు.

"రాత్రంతా కాపలా కాశావా నాయనా?" అంది ఆవిడ.

"లేదమ్మా, ఆసుపత్రి గాలికి నిద్రొస్తోంది," అన్నాడు.

నర్సు లోపలికి పిలిచి, మోచేతి కింద మెత్తటి చర్మం మీద పెన్నుతో గీతలు గీసి, వరసగా నీటిబొట్ల లాంటివి వేసింది.

"మందులేవైనా వాడుతున్నారా?"

"నేనా? ఇంత వయసొచ్చింది, ఇంతవరకూ ఒక్క మందు వాడలేదు."

అబద్ధమాడుతున్నానని అతనికి తోచలేదు. మందు అంటే డాక్టరు రాసేది. సీసాలోది పనికి సంబంధించింది. జల్లెడనీ ఏప్రాన్‌నీ మందని ఎవరంటారు?

నర్సు ఒక్కో బొట్టు మీదా సన్నటి సూదితో గుచ్చి, ఒంటికి పడనిదైతే అక్కడ దద్దు లేస్తుందని చెప్పి, కాసేపు కదలకుండా కూచోమంది. వచ్చి చూసింది. ముఖం చిట్లించింది. డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. ఆమె ఆ చేతిని దీపం కిందికి లాగి చూసింది.

"దద్దు లేవలేదు. మంచిదేగా?" అన్నాడు ముల్లు. కాగితం చేజారిపోతోందని అప్పటికే అర్థమైంది.

"మంచిది కాదు. ఇదిగో, ఈ చివరి బొట్టు ఉందే, ఇది ఎవరికి వేసినా దద్దు లేవాలి. నాకు వేసినా లేస్తుంది. మీకు అది కూడా లేవలేదు. అంటే మీ ఒంట్లో దాన్ని అణిచిపెట్టే మందేదో ఉంది. ఏం వేసుకున్నారు?"

"ఏమీ వేసుకోలేదని చెప్పాను కదమ్మా."

"పొద్దున్నించీ నోట్లో ఏమేం పడింది? అదైనా చెప్పండి."

"టీ. రెండు రస్కులు. పని బిళ్ళలు."

"పని బిళ్ళలేంటి?"

అతను చెప్పాడు. సీసా సంగతి, పిండి చేతుల సంగతి, రేకు సంగతి అన్నీ చెప్పాడు. నర్సు మొదట నవ్వింది. డాక్టరమ్మ నవ్వకపోవడం చూసి తనూ ఆపేసింది.

"అవి మందులే పెద్దాయనా. ఎలర్జీ మందులు. చీటీ లేకుండా షాపులో దొరికినంత మాత్రాన మందు కాకుండా పోదు. అవి ఒంట్లో ఉండగా ఈ పరీక్ష చేయలేం. వారం పాటు మానేసి మళ్ళీ రండి. ఆ వారమూ పిండి గదిలోకి వెళ్ళకండి. ఊపిరి బిగిస్తే పరీక్షా గిరీక్షా అని చూడకుండా వెంటనే ఇక్కడికి రావాలి. ఛాతీలో పిల్లికూతలేమైనా ఉన్నాయా?"

"నాకు లేవు. మా ఆవిడకి ఉండేవి."

"ఆవిడకి ఏం వాడారు?"

"అదే. ఆ సీసాలోవే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ బిళ్ళలు ముక్కుని ఆపుతాయి, దురదని ఆపుతాయి. బిగుసుకున్న ఛాతీని తెరవలేవు. దానికి పీల్చే మందులు వేరే ఉంటాయి. ముక్కు తేలికపడింది కదా అని మనిషి ఆ దుమ్ములోనే ఇంకా పనిచేసుకుంటూ పోతే, లోపల ముదురుతూనే ఉంటుంది. ఆవిడని ఒకసారి తీసుకురండి, చూస్తాను."

"తీసుకురాలేను," అన్నాడు ముల్లు. చొక్కా చెయ్యి కిందికి దించి గుండీ పెట్టుకున్నాడు. ఆమెకి అర్థమైంది. ఏదో చెప్పబోయింది. అతను వినడానికి ఆగలేదు.

తిరిగొచ్చి తిన్నగా పిండి గదిలోకి పోయి సీసా తీసుకున్నాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, ఎక్కువగా బిళ్ళలు కొనే మందుల షాపుకెళ్ళాడు. షాపామె ముక్కుసూటి మనిషి. చిల్లర విసిరినట్టే మాటలూ విసురుతుంది. సీసాలోవి కాగితం మీద పోయించి వేలితో వేరు చేసింది.

"ఇది నిద్ర పట్టించే రకం, పాతది. ఇది అంతగా పట్టించనిది. ఇదేంటో... తుమ్ములదే కాదు."

"మరేంటి?"

"నాకేం తెలుసు? పేరున్న రేకు మీరు చింపి పారేస్తిరి. ఎప్పటిదో, ఏ తేదీకి పాడవుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఏది నోట్లో పడితే అది మింగుతున్నారా అందరూ?"

"అందరూ."

"బండి నడిపేవాడు కూడానా? జలుబు బిళ్ళలు కావాలని వారానికోసారి వస్తాడు, ఆ హారన్ అబ్బాయి."

"వాడూ అంతే."

"ఖర్మ! ఆ జలుబు బిళ్ళలోనూ ఇదే మందు కలిసి ఉంటుంది. అది ఒకటి, సీసాలోది ఒకటి, సాయంత్రం ఓ చుక్క తాగితే అదొకటి. అందుకే కాదూ మొన్న వెళ్ళి గేటు స్తంభాన్ని కావలించుకున్నాడు! నిద్ర పట్టించే రకం వేసుకుని బండి నడపకూడదు, తిరిగే యంత్రం దగ్గర నిలబడకూడదు. రెండోదైనా, ఒంటికి ఎలా పడుతుందో చూసుకోకుండా స్టీరింగ్ పట్టుకోకూడదు. పెట్టె మీద రోజుకి ఒకటని ఉంటే ఒకటే. తగ్గలేదని రెండోది వేసుకోవడం కాదు, డాక్టరు దగ్గరికి పోవడం. మీ వయసు వాళ్ళకి ఒంటేలు సరిగ్గా రాకపోయినా, కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసులున్నా, వేరే జబ్బుకి మందులు వాడుతున్నా అడగకుండా అసలు ముట్టుకోకూడదు."

ముల్లు అంతా విన్నాడు. "ఇన్నేళ్ళూ సంచుల కొద్దీ అమ్మావు. ఒక్కనాడూ నోరు విప్పలేదే?"

"మీరు ఒక్కనాడైనా అడిగారా? వచ్చి బల్ల మీద సంచి కొట్టి, 'తుమ్ములవి' అని పోయేవారు. మీ ఆవిడ అడిగేది."

"ఏమని?"

షాపామె కాగితం మీది బిళ్ళల్ని ఒక పక్కకి నెట్టింది. "ఆయాసానికి కూడా ఇవి పనిచేస్తాయా అని అడిగింది. పనిచేయవమ్మా, ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను. 'తమ్ముడు ఒక్కరోజు సెలవిస్తే వెళతాను, ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయంటున్నాడు' అంది. తర్వాత మళ్ళీ రాలేదు."

సీసాలోని బిళ్ళలన్నీ అక్కడే వదిలేశాడు, ఆమె పారేస్తానంది. ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని బయటికొచ్చాడు. దారిలో ఎవరో పలకరించారు. ఏం పలికాడో అతనికి గుర్తులేదు.

బావమరిది కౌంటర్లో బన్నులు సర్దుతున్నాడు. వెనక గోడ మీద అతని అక్క ఫోటో. అందులో ఆమె ఇంకా సన్నబడలేదు.

"ఏమైంది బావా? తెచ్చావా కాగితం?"

"పరీక్ష చెడిపోయింది. బిళ్ళలు వేసుకుని వెళ్ళాను. వారం మానేసి మళ్ళీ రమ్మన్నారు. ఈ వారం పిండి గదిలోకి పోకూడదట. వారం సెలవు కావాలి."

"చెడిపోయిందా, ఏమీ లేదని తేలిందా?"

"చెడిపోయిందని చెప్పాను."

"సెలవు పెట్టి పరీక్షకి చదువుకుంటావా ఏంటి?" తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు బావమరిది. "చూడు బావా, దద్దు లేవలేదా? జబ్బు లేదు. నాకు తెలిసిన వైద్యం ఇంతే. పొద్దున్నే పనిలోకి రా. అక్క అన్నేళ్ళు ఆ గదిలోనే చేసింది. ఆవిడకేమైంది?"

"చచ్చిపోయింది."

బన్ను పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది.

"అది గుండె," అన్నాడు బావమరిది.

"సెలవడిగితే ఇవ్వలేదట నువ్వు."

"ఎవరు చెప్పారు? ఆవిడ అడిగిందా నన్ను? నా దగ్గర ఎప్పుడన్నా..." అని, దుకాణంలోకి ఎవరో వస్తే ముఖం మార్చేసుకున్నాడు. "రండి రండి, వేడివేడిగా ఉన్నాయి."

మర్నాడు పొద్దున ముల్లు ఖాళీ సీసాని అరుగు మీద పెట్టాడు. అందరూ చెయ్యిపెట్టి చూసి, సీసాలోకి తొంగిచూశారు.

ఓవెన్ దగ్గర పనిచేసేవాడిని కుంపటి అంటారు. మూడు కాలాలూ మండుతూనే ఉంటాడు. "ఏవయ్యా ముల్లూ, సీసాకి కూడా ఉపవాసమా?" అని అడిగేశాడు ముఖం మీదే.

"బిళ్ళలు తేలేదు. ఇక తేను."

షాపామె చెప్పినవన్నీ అతను చెప్పాడు. ఓపికతో కాదు. తిట్టినట్టే చెప్పాడు. కావలసినవాళ్ళు తమ ఒంటి సంగతి చెప్పి, అడిగి, పేరున్న పట్టీ కొనుక్కుని దాన్ని అలాగే జేబులో పెట్టుకోవాలన్నాడు.

"పిండి చేతులతో రేకు ఎవడు చింపుతాడు బాబాయ్?" అన్నాడు హారన్.

"చెయ్యి కడుక్కుని చింపు. నువ్వు జలుబు బిళ్ళ కూడా మింగి బండి ఎక్కుతున్నావట. ఈసారి స్తంభాన్ని కాదు, ఏ తల్లి బిడ్డనో కావలించుకుంటావు."

హారన్ మొహం మాడింది. మిగిలినవాళ్ళు ఇకిలించారు. ఎవరూ చెవిన వేసుకోలేదు. సాయంత్రం కొనుక్కుందామని ఒకడనుకున్నాడు, ఇంకొకడు తెస్తాడులే అని ఇద్దరనుకున్నారు. ఎప్పుడూ సీసాలో ఉండేది. ఉండేదాన్ని కొనాలని ఎవరికీ తోచదు.

ముల్లు తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, జల్లెడ జోలికి పోకుండా, గది బయటే ట్రేలు కడుగుతూ కూచున్నాడు. ఆ మొదటి రోజు పెద్దగా ఏమీ కాలేదు. మర్నాటికి మొదలైంది. జల్లెడ దగ్గర ఒకడు తుమ్మితే యంత్రం దగ్గర ఇంకొకడు తుమ్మాడు. కుంపటి కళ్ళు నిప్పుల్లా అయ్యాయి, ఈసారి కోపంతో కాదు. ఒకడి ముక్కు ఆగక, పిండి ముద్ద వదిలేసి పదేపదే కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. తలుపు మూసినా ఆ చప్పుడు దుకాణంలోకి వినిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఇంత రొద దాగి ఉందని ఎవరికీ తెలియదు. బ్రెడ్డు చేతిలోకి తీసుకున్న ఒకావిడ, లోపల్నించి వచ్చిన తుమ్ములు విని, బ్రెడ్డుని చూసి, దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

బావమరిది కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఏంట్రా ఈ నాటకం? అందరూ కూడబలుక్కున్నారా?" అంటూ పిండి గదిలోకి వచ్చాడు. గడప అవతల కూచున్న ముల్లు కేసి వేలు చూపించాడు. "నువ్వేగా ఎక్కించావు వీళ్ళకి? సీసా ఏది?"

"అదిగో."

"అందులో ఏమీ లేదే?"

"జబ్బు లేదన్నావుగా. జబ్బు లేనివాళ్ళకి మందెందుకు?"

కుంపటి ముక్కు తుడుచుకుంటూ తల తిప్పుకున్నాడు. బావమరిది మొహం కందిపోయింది. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"లెండి. పక్కకి లెండి అందరూ. ఇదే గదిలో, ఇదే జల్లెడ దగ్గర పెరిగానురా నేను. మా నాన్న నాకు నడక నేర్పింది ఈ బస్తాల మధ్యే. చేతకానివాళ్ళ చేత పని చేయించుకోవడం నా తప్పు."

బస్తా మూతి విప్పి ఎత్తి, ఉన్నపళంగా జల్లెడలోకి కుమ్మరించాడు. తెల్లటి మబ్బు లేచి అతన్ని కమ్మేసింది. కోపం మీద ఉన్నాడు, రెండో బస్తా కూడా ఎత్తాడు. మూడు నాలుగు తుమ్ములొచ్చాయి. చేత్తో తుడుచుకుని జల్లెడ ఊపాడు. రెండ్రోజులుగా అతనికీ బిళ్ళ లేదు. ఆ ధ్యాస అతనికి లేదు.

అప్పుడు వినిపించింది. మొదట సన్నగా, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. తర్వాత గట్టిగా. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి కూత.

ముల్లు చేతిలోని ట్రే నీళ్ళ తొట్టిలో అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడుని అతను వేల చప్పుళ్ళలోనైనా గుర్తుపట్టగలడు. ఏళ్ళ తరబడి దాని పక్కనే పడుకున్నాడు. అక్కదీ తమ్ముడిదీ ఒకే ఛాతీ.

బావమరిది జల్లెడ వదిలేసి బస్తాల మీద చెయ్యి వేశాడు. మాట రావడం లేదు. నోరు తెరిచి ముందుకి వంగాడు. కళ్ళు అందరినీ దాటుకుంటూ వెతికి ముల్లు దగ్గర ఆగాయి.

ముల్లు లేవలేదు. ఎంతసేపు లేవలేదో అతనే చెప్పలేడు. ఎక్కువసేపు కాదు. కానీ ఆ కాసేపట్లో అతను చూస్తున్నది బావమరిదిని కాదు, అవే బస్తాల మీద ఒరిగిన ఇంకొక మనిషిని. ఆ రోజు ఆమె కళ్ళు కూడా ఇలాగే ఎవరికోసమో వెతికి ఉంటాయి. అప్పుడు గదిలో ఎవరూ లేరు.

"బాబాయ్!" అని హారన్ అరిచాడు.

అప్పుడు లేచాడు. బావమరిది చంకలో చెయ్యి వేసి గడప దాటించాడు. కుంపటి రెండో పక్క పట్టాడు. ఇద్దరూ కలిసి బ్రెడ్డు బండి ముందు సీట్లో, వాలనివ్వకుండా, నిటారుగా కూచోబెట్టారు.

"నిద్రొస్తోందా నీకు?" అని అడిగాడు ముల్లు.

"లేదు బాబాయ్. నిన్నట్నించి ఏమీ మింగలేదు. ఎన్నాళ్ళకో రోడ్డంతా కనిపిస్తోంది," అన్నాడు హారన్, బండి గేరు మారుస్తూ.

ఆసుపత్రిలో మొహానికి గొట్టం ఉన్న తొడుగు పెట్టి, పొగలాంటి మందు పీల్పించారు. కూత కొంచెం కొంచెంగా పల్చబడింది. మొన్నటి నర్సే వచ్చింది. బావమరిదిని అడిగింది.

"రోజూ మందులేవైనా వాడతారా?"

బావమరిది తల అడ్డంగా ఊపాడు. లేదని.

నర్సు ముల్లు వంక చూసింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు.

"వాడతాడు," అన్నాడు ముల్లు. "పొద్దున్నే ఒకటి. ఏళ్ళ తరబడి. పేరు అడక్కండి, తెలియదు. రెండ్రోజులుగా లేదు."

మొన్నటి డాక్టరమ్మే వచ్చింది. ఛాతీ వింది. బేకరీ అనగానే ముల్లు వంక ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా కాగితం తీసింది. బావమరిది పిండి దుమ్ములోకి వెళ్ళకూడదనీ, ఊపిరి బిగుసుకోవడం దానివల్లేనని అనుమానమనీ, పరీక్షలు చేయాలనీ రాసింది. సంతకం చేసి ముద్ర వేసింది. మనిషి మంచం మీద ఉన్నాడు కాబట్టి ముల్లు చేతికి ఇచ్చింది.

అతను అడిగిన కాగితం అదే. ప్రతి అక్షరమూ అదే. పేరొక్కటే వేరు.

కాసేపటికి బావమరిది తొడుగు పక్కకి జరిపాడు. పెదవులకింకా పిండి అంటి ఉంది. ఆ పిండి మీద కన్నీళ్ళో చెమటో చారికలు కట్టాయి.

"బావా... అక్కది కూడా ఇదేనా?"

పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు. ముల్లు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బావమరిది చొక్కా జేబులో దోపాడు.

"డాక్టరు కాగితం తీసుకురా," అన్నాడు. "అప్పుడు చూద్దాం."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు. ముల్లుకి ఏ హాయీ కలగలేదు. ఎన్నాళ్ళో నోట్లో నానబెట్టుకున్న మాట అది. ఉమ్మేశాక నోరు ఎండిపోయినట్టయింది. అయినా వెనక్కి తీసుకోలేదు. తీసుకునే గుణం అతనికి లేదు.

బావమరిది ఇంటికొచ్చిన రోజు పొద్దున బేకరీ మామూలుగానే తెరిచారు. పిండి గది తలుపు మాత్రం మూసే ఉంది. మూత ఉన్న జల్లెడ, దుమ్ము లాగే ఫ్యాను, ముక్కుకి సరైన తొడుగులు వచ్చేదాకా దాన్ని తెరిచేది లేదని కుంపటి భీష్మించుకు కూచున్నాడు. అప్పటిదాకా కలిపిన పిండి వేరేచోట నుంచి తెప్పిస్తున్నారు. హారన్ జేబులో పేరున్న పట్టీ ఒకటి ఉంది. బండి దిగాక ఇంటికెళ్ళి వేసుకుంటున్నాడట.

ముల్లు గాజు బల్ల వెనక కుర్చీలో కూచున్నాడు. ఎవరూ కూచోమనలేదు, ఎవరూ లేవమననూ లేదు. అతని తల మీద గోడకి భార్య ఫోటో ఉంది. ఖాళీ సీసాని కడిగి, మళ్ళీ బిస్కెట్లు నింపి, బల్ల మీద పెట్టాడు.

బావమరిది దుకాణం మీది ఇంట్లోంచి మెట్లు దిగి వచ్చాడు. ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకున్నాడు. కుర్చీ కేసి చూశాడు. ఫోటో కేసి చూశాడు. జేబు తడుముకున్నాడు. కాగితం అందులోనే ఉంది. బల్లకి ఇవతల, కొనేవాళ్ళు నిలబడే చోట వచ్చి నిలబడ్డాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

ముల్లు తల ఎత్తాడు.

"ఏం కావాలి?" అని అడిగాడు, వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే.